ఓడ లెక్క, ఒడ్డు లెక్క

మా పెరటి గోడలో ఒక గూడు ఉంది. పూర్వం అందులో మా అమ్మ కిరసనాయిలు బుడ్డి పెట్టేది. ఇప్పుడు అక్కడ మూడు గాజు గొట్టాలు, చుక్కల మూత ఉన్న చిన్న సీసా, దారంతో మేకుకు కట్టిన పెన్సిలు ఉన్నాయి. మూడేళ్ళ పైనుంచి నేను పొద్దున్నే లేచి, కాఫీ కన్నా ముందు, మా మనవడి మూత్రం పరీక్షిస్తున్నాను. ఈ మాట నలుగురిలో అంటే మొహం చిట్లించేవాళ్ళు ఉన్నారు. మా ఆవిడే మొదట్లో ఆ గూటి చుట్టూ పసుపు నీళ్ళు చల్లింది. ఇప్పుడు నాకు ఒంట్లో బాగాలేకపోతే ఆ పని ఆవిడే చేస్తుంది, నాకన్నా శ్రద్ధగా.

నేను విశాఖపట్నం పోర్టులో 34 ఏళ్ళు టాలీ క్లర్కుగా పనిచేసి 2017లో రిటైరయ్యాను. ఆ ఉద్యోగం ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. ఓడలోంచి క్రేను బస్తాలు దించుతుంటే, ఒక్కో దింపుడుకు ఎన్ని వచ్చాయో గీతలు గీసి లెక్క పెట్టడం. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీదుగా అడ్డంగా. ఓడ వాళ్ళ తరఫున ఒకడు లెక్క రాస్తాడు, ఒడ్డు మీద మేము రాస్తాము. షిఫ్టు అయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండూ కలిస్తేనే సంతకాలు. కలవకపోతే ఎవరి మీదా అరవరు, మళ్ళీ వెతుకుతారు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆసుపత్రిలో నాకు వచ్చిన కోపమంతా ఈ అలవాటు నుంచే వచ్చింది.

2022 వానాకాలంలో మావాడికి నాలుగేళ్ళు. ఒక రోజు పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. దోమ కుట్టిందన్నాం. మర్నాడూ అంతే. కళ్ళ డాక్టరు చుక్కల మందు ఇచ్చారు. సాయంత్రానికి వాపు తగ్గేది, పొద్దునకు మళ్ళీ వచ్చేది. వారం తిరిగేలోగా స్నానం చేయిస్తున్న మా ఆవిడ, "వీడి మొలతాడు బిగిసిపోయిందేమిటండీ, మొన్ననేగా వదులు చేశాను" అంది. పొట్ట ఉబ్బింది. కాళ్ళ మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. మూత్రం సబ్బు నీళ్ళలా నురగ. పిల్లల డాక్టరు చూసి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు.

జబ్బు సంగతి నాకు అర్థమైనంత చెబుతాను. మూత్రపిండాల్లో రక్తాన్ని వడగట్టే జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడ కళ్ళు పెద్దవైతే, ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తు, ముఖ్యంగా అల్బుమిన్, మూత్రంలో కొట్టుకుపోతుంది. రక్తంలో అది తగ్గేసరికి నీరు నాళాల్లో నిలవక కండలోకి దిగి వాపు వస్తుంది. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో ఎక్కువ. చాలామందికి స్టెరాయిడ్ మాత్రలతో తగ్గుతుంది. చిక్కల్లా, చాలామందిలో మళ్ళీ తిరగబెడుతుంది. ఒకసారి ఆసుపత్రిలో చేర్చి బాగుచేయించుకుని మరిచిపోయే జబ్బు కాదు. ఏళ్ళ తరబడి ఇంట్లో కాపలా కాయాలి.

అందుకే మొదటి ఆసుపత్రి నాకు అంత కష్టమనిపించింది. దాని పేరు రాయను, అది ఒక్కదాని తప్పూ కాదు. మంచం దగ్గర ఒక్కరికే పాసు. కోడలు లోపల, మేము ముగ్గురం మెట్ల మీద. నియమం నియమమే, దానికి నేను గొణగలేదు. లోపల జరిగేది వేరు. పిల్లాడికి అన్నం పెట్టేది కోడలు, మూత్రానికి తీసుకెళ్ళేది కోడలు, రక్తం సీసాలు ల్యాబుకు మోసేది మా అబ్బాయి, కింద మందుల దుకాణం ముందు వరుసలో నిలబడేది నేను. రాత్రి సెలైన్ ఎక్కించే క్యాన్యులా దగ్గర చెయ్యి వాచిందని చూసుకుని సిస్టరును పిలిచింది కూడా కోడలే. పని అంతా మా చేతుల మీదుగానే జరుగుతోంది. కానీ డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చే వేళకు మాత్రం "అటెండర్లు బయటికి వెళ్ళండి" అని ఒక కేక. పిల్లాడి గురించి పిల్లాడి మంచం దగ్గర మాట్లాడుకునే పావుగంటలో, రాత్రంతా వాడి పక్కన మేలుకున్న మనిషి వరండాలో నిలబడి ఉంటుంది.

మూడో రోజు పాసు నా చేతికి వచ్చింది. మంచం కొసన కట్టిన చార్టు చూశాను. నిన్న ఎంత తాగాడు, ఎంత పోశాడు అని రెండు వరుసలు. మూత్రం 550 మిల్లీలీటర్లు అని రాసి ఉంది. నిన్న వాడు మూడుసార్లు బాత్‌రూమ్‌కు వెళ్ళాడు, మూడుసార్లూ కోడలే తీసుకెళ్ళింది. కొలవమని ఎవరూ చెప్పలేదు, కొలిచే పాత్రా ఇవ్వలేదు. నేను కాస్త మర్యాదగానే అడిగాను.

"అమ్మా, ఈ 550 ఎక్కడిది?"

"అవన్నీ మీకెందుకండీ, డాక్టరుగారు చూసుకుంటారు."

డాక్టరుగారు ఆ అంకెనే చూసుకుంటారు. దాన్ని బట్టే సెలైన్ ఎంత, నీళ్ళు ఎంత, నీరు తీసే మందు ఎంత అన్నది తేలుస్తారు. ఒడ్డు లెక్క లేకుండా ఓడ లెక్క ఒక్కటే పెట్టుకుని సరుకు దించినట్టు. ఆ అమ్మాయిని తప్పు పట్టలేను. హాలు మొత్తానికి ఆ పూట తను ఒక్కతే. ఏ మంచం దగ్గర ఎవరు ఎంత పోశారో పరుగెత్తి కొలవడానికి ఎన్ని కాళ్ళు కావాలి? కానీ అదే హాలులో మంచానికి ఒకరు చొప్పున, ఊరికే కూర్చుని, భయపడుతూ, ఏదో ఒకటి చేయాలని తపిస్తున్న మనుషులు ఉన్నారు కదా. చేతికొక కొలజాడీ ఇస్తే సరిపోయేది.

ఐదో రోజు మధ్యాహ్నం మా ఆవిడ లోపల ఉంది. పిల్లాడు పొట్ట ముట్టుకోనివ్వడం లేదు, కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు అని డ్యూటీలో ఉన్నవాళ్ళకు చెప్పింది. గ్యాస్ అన్నారు. గంట తర్వాత మళ్ళీ చెప్పింది. "పెద్దవాళ్ళు ఊరికే కంగారుపడతారు" అన్నారు. ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి, వీడిని పుట్టినప్పటి నుంచి ఎత్తుకున్న మనిషి. గ్యాస్ ఏడుపు ఏదో, ఇది ఏదో ఆవిడకు తెలియదా? రాత్రికి జ్వరం 103. అప్పుడు వచ్చిన వేరే డాక్టరు పొట్ట మీద చెయ్యి వేయగానే మొహం మార్చాడు. పొట్టలో చేరిన నీటికి చీము పట్టింది, పెరిటోనైటిస్. ఈ జబ్బున్న పిల్లల్లో రావచ్చని అందరికీ తెలిసినదేనట. వెంటనే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు, గట్టెక్కాడు. ఆ నాలుగైదు గంటల గురించి మా ఆవిడ ఈ రోజుకీ మాట్లాడదు. నేను ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది.

తర్వాత రాత్రుళ్ళు నిద్ర పట్టక ఫోనులో చదువుతుంటే ఇంగ్లండు సంగతి ఒకటి కంటపడింది. 2021లో మార్తా మిల్స్ అనే పదమూడేళ్ళ పిల్ల సైకిల్ మీద నుంచి పడి, క్లోమానికి దెబ్బ తగిలి లండన్ ఆసుపత్రిలో చేరింది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పెరుగుతోందని తల్లిదండ్రులు ఆందోళన చెబుతూనే ఉన్నారు. సమయానికి ఐసీయూకు మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణలో తేలింది. ఆ పిల్ల పేరుతోనే 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో ఒక నియమం మొదలుపెట్టారు. మా రోగి పరిస్థితి దిగజారుతోంది, ఇక్కడ వినడం లేదు అని ఇంట్లోవాళ్ళకు అనిపిస్తే, ఏ వేళప్పుడైనా వేరే బృందాన్ని పిలిచి చూపించుకోవచ్చు. చదివి మా ఆవిడకు చెప్పాను. "పిలిస్తే వస్తారా?" అని ఒక్కటే అడిగింది. వస్తారట అన్నాను.

అదే చదువులో ఇంకో విచిత్రం తెలిసింది. వెనకటి రోజుల్లో అక్కడ పిల్లల్ని ఆసుపత్రిలో చేరిస్తే తల్లిదండ్రుల్ని అసలు ఉండనిచ్చేవారు కాదట. వారానికి ఇన్ని గంటలని చూపులు, అంతే. అమ్మ వచ్చి వెళ్తే పిల్ల ఏడుస్తుంది, రాకపోతే ఏడవదు, కాబట్టి రాకపోవడమే మేలు అన్న తర్కం. 1959లో ప్లాట్ కమిటీ అనే ప్రభుత్వ సంఘం, తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చు, చిన్నపిల్లల దగ్గర తల్లి ఉండిపోవచ్చు అని చెప్పాక గానీ మెల్లగా తలుపులు తెరుచుకోలేదు. మా దగ్గర ఆ పోరాటమే అక్కర్లేకపోయింది. 1966లో నేను తొమ్మిదేళ్ళవాణ్ణి, చింతచెట్టు మీద నుంచి పడి కాలు విరిగి కేజీహెచ్‌లో ఉన్నాను. 1923లో కట్టిన ఆసుపత్రి, మా తరం మొత్తానికి పెద్దాసుపత్రి అంటే అదే. మా అమ్మ నా మంచం కింద చాప వేసుకుని పడుకునేది. పక్క మంచం కింద ఇంకో అమ్మ. రాత్రి ఇద్దరూ కిందనే కబుర్లు చెప్పుకుంటుంటే నాకు పైన నిద్ర పట్టేది.

కాబట్టి మన ఆసుపత్రుల్లో కుటుంబం ఎప్పుడూ లోపలే ఉంది. మంచం కింద ఉంది, మెట్ల మీద ఉంది, మందుల వరుసలో ఉంది. చేతులు వాడుకుంటారు, చెవిలో మాత్రం ఏమీ వెయ్యరు, నోట మాట వచ్చినా వినరు. నా ఫిర్యాదు ఆ ఒక్కటే.

జ్వరం తగ్గాక ఇంకో ఆసుపత్రికి మార్చాం. పైన పిల్లల వార్డు, కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేది. ఓడలు వస్తూపోతూ ఉంటే నాకు ఎంతో ధైర్యంగా ఉండేది, పిల్లాడికీ కాలక్షేపం. మొదటి సాయంత్రమే అక్కడి సిస్టరు ఒక ప్లాస్టిక్ కొలజాడీ, ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"తాతగారూ, బాబు తాగేది ఈ వరుసలో, పోసేది ఈ వరుసలో. పాలు, నీళ్ళు, చారు, అన్నీ. పొద్దున నేను చూస్తాను."

"మా లెక్క నమ్ముతారా అమ్మా?"

"నా లెక్క నేనూ రాస్తాను. రెండూ కలపాలి కదా."

ఆ అమ్మాయి ఎప్పుడూ పోర్టు గేటు లోపలికి కూడా వచ్చి ఉండదు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాగితం తీసుకుని గీతలు కొట్టడం మొదలుపెట్టాను.

అక్కడ రౌండ్స్ సమయంలో ఒకరిని మంచం దగ్గర ఉండనిచ్చేవారు. పెద్ద డాక్టరు ముందు మమ్మల్నే అడిగేవారు, రాత్రి ఎలా గడిచింది అని. తర్వాత పీజీ డాక్టరు చెప్పేవాడు. ఒకటి రెండుసార్లు మేము చెప్పింది, ఆ అబ్బాయి చెప్పింది కలవలేదు. పెద్దాయన కేస్ షీటు మూసి, "ముందు ఇది తేల్చుకుందాం" అన్నారు. కోపం లేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినట్టే.

పక్క మంచం మీద పాడేరు వైపు నుంచి వచ్చిన ఆరేళ్ళ పిల్ల, అదే జబ్బు. తల్లి ఒక్కతే వెంట ఉంది. ఆమెకు మన తెలుగు కొంచెం కొంచెం వచ్చు, చదవడం రాదు. డాక్టర్లు గబగబా చెప్పింది విని తల ఊపేది, వాళ్ళు వెళ్ళాక నావైపు చూసేది. సిస్టరు ఆమెకు మాత్రల కవరు మీద సూర్యుణ్ణి, చందమామను గీసి ఇచ్చింది. మరి మూత్రం లెక్క ఎలా? నేను ఆమె కాగితం మీద ఒక గ్లాసు బొమ్మ, ఒక జాడీ బొమ్మ వేశాను. గ్లాసు తాగితే ఒక గీత, జాడీ గుర్తు దాకా నిండితే ఒక గీత, ఐదోది అడ్డంగా. ఒక్కసారి చూపించాను. "మా సంతలో చింతపండు ఇలాగే లెక్కపెడతాం" అంది. నేను 34 ఏళ్ళు జీతం తీసుకుని చేసిన పని ఆమెకు ముందే వచ్చు. మర్నాడు పొద్దున సిస్టరు ఆ కాగితం తీసుకుని అంకెల్లోకి మార్చుకుంటూ, "వార్డులో అన్నిటికన్నా శుభ్రమైన చార్టు ఇదే" అంది. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి డాక్టరు మాట్లాడుతుంటే తల ఊపడం మానేసి, అర్థం కానిచోట "ఏమిటి?" అని అడగడం మొదలుపెట్టింది.

ఇంటికి పంపే ముందు రెండు రోజులు మాకు పాఠం. మా ముగ్గురినీ, నన్నూ మా ఆవిడనూ కోడలినీ, ఒకరి తర్వాత ఒకరు చేయించి చూశారు. పొద్దుటి మొదటి మూత్రం గాజు గొట్టంలో పోసి, సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ చెప్పినన్ని చుక్కలు వేయాలి. మాంసకృత్తు ఉంటే, పాలలో నిమ్మకాయ పిండినట్టు విరుగుతుంది. గొట్టం వెనక వార్తాపత్రిక పట్టుకుని చూడాలి. అక్షరాలు తేటగా కనబడితే నిల్. కాస్త మసక అయితే ట్రేస్. ఆపైన ఒక ప్లస్, రెండు ప్లస్‌లు. అచ్చు అసలు కనబడకపోతే మూడు. పెరుగు ముక్కల్లా విరిగితే నాలుగు. మూడు రోజులు వరసగా మూడు ప్లస్‌లు గానీ నాలుగు గానీ వస్తే తిరగబెట్టినట్టు, వెంటనే ఫోను చేయాలి. వరసగా మూడు రోజులు నిల్ గానీ ట్రేస్ గానీ ఉంటే తగ్గినట్టు. పుస్తకంలో తేదీ, పరీక్ష, బరువు, మాత్రలు, జ్వరం, దగ్గు. పుస్తకం లేకుండా వస్తే మళ్ళీ ఇంటికి పంపి తెప్పిస్తాను అన్నారు పెద్ద డాక్టరు. పోర్టులో మా సూపర్వైజరు గుర్తొచ్చాడు.

స్టెరాయిడ్ ఆరు వారాలు రోజూ, తర్వాత ఆరు వారాలు రోజు విడిచి రోజు. మధ్యలో మనంతట మనం ఆపకూడదు. ఇది ఎంత కష్టమో పక్కింటివాళ్ళ మాటలు వింటే తెలుస్తుంది. ఆ మందుకు బుగ్గలు ఉబ్బుతాయి. "బాబు ఎంత ఒళ్ళు చేశాడో!" అని ఒకావిడ దిష్టి తీయమంది. "స్టెరాయిడా? ఆపేయండి బాబూ" అని ఇంకొకాయన, మా వీధిలోనే, ఏ చదువూ లేకుండా డాక్టరు. అప్పుడు కోడలు ఎదురుగా నిలబడి ఎందుకు ఆపకూడదో చెప్పగలిగింది. ఎవరో ఆమెకు కూర్చోబెట్టి చెప్పారు గనక చెప్పగలిగింది. మొదటి ఆసుపత్రి నుంచే ఇంటికి వచ్చి ఉంటే ఆ పెద్దమనిషి మాటే చెల్లేది.

ఇంట్లోవాళ్ళను చేర్చుకుంటే అంతా మంచే జరుగుతుందని నేననను. నా సంగతే చెబుతాను. డిశ్చార్జి అయిన వారానికి, ఇంకా కొంత వాపు ఉండగానే, వాణ్ణి బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళాను. ముంత మసాలా బండి దగ్గర వాడు చూసిన చూపుకు నేను తట్టుకోలేకపోయాను. ఉప్పు వద్దని ముగ్గురు డాక్టర్లు చెప్పారు, నేనే చెవులారా విన్నాను. పొట్లం కొనిపెట్టాను. పుస్తకంలో రాయలేదు. 34 ఏళ్ళలో ఒక్క బస్తా దొంగలెక్క రాయనివాణ్ణి, పిడికెడు మరమరాల దగ్గర రాశాను. అదీ ఒక్కరోజుతో ఆగలేదు, మూడు సాయంత్రాలు. తర్వాతి చూపుకు వెళ్ళినప్పుడు సిస్టరు బరువు చూసి, పుస్తకం చూసి, నన్ను చూసింది. తిట్టలేదు. స్కేలు పెట్టి పుస్తకంలో ఇంకొక వరుస గీసి, పైన 'బయటి తిండి' అని రాసి ఇచ్చింది. కోడలు ఆ వరుస చూసి ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఈ వ్యవహారమంతా కిడ్నీ జబ్బుకే పరిమితం కాదని తర్వాత తెలిసింది. మా మేనకోడలికి నెలలు నిండకుండా బిడ్డ పుడితే, బిడ్డను తల్లి గుండెకు ఆనించి చర్మానికి చర్మం తగిలేలా కట్టారు. కంగారూ పద్ధతి అంటారు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక ఒక డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి. ఇది పేదవాళ్ళకు సరిపెట్టే మందు కాదని 2021లో అచ్చయిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఢిల్లీ ఆసుపత్రి ఒకటి కూడా అందులో ఉంది. మరీ తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్ని కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే తల్లి దగ్గర పెడితే, నెల లోపు మరణాలు నూటికి దాదాపు 16 నుంచి 12కు తగ్గాయి. నవజాత శిశువుల వార్డుల్లో తల్లిదండ్రులకు చేతులు కడుక్కోవడం నుంచి ప్రమాద సూచనలు గుర్తుపట్టడం దాకా నేర్పి, సంరక్షణలో భాగం చేయాలని 2017లోనే కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో చేసి చూసిన పద్ధతి అది. మా మేనకోడలి భర్త కూడా రెండు గంటలు బిడ్డను కట్టుకుని కూర్చున్నాడు, చొక్కా విప్పి, సిగ్గుపడుతూ.

మావాడికి 2023 సంక్రాంతి ముందు తిరగబెట్టింది. భోగి నాడు మూడు ప్లస్‌లు, సంక్రాంతికి మూడు, కనుమ నాటికి నాలుగు. కంటికి వాపు ఏమీ లేదు, వాడు గాలిపటం కోసం మేడ మీద గంతులు వేస్తున్నాడు. కనుమ నాడే ఫోను చేశాం, పుస్తకం చదివి వినిపించాం, మందు మొదలైంది. ఆసుపత్రిలో చేర్చాల్సిన పని పడలేదు. ఆ తర్వాత ఇంకోసారి వచ్చింది, అప్పుడూ అంతే.

ఇప్పుడు ఐదో పుస్తకం నడుస్తోంది. వాడికి ఏడేళ్ళు వచ్చాయి, అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాడు. ఈ మధ్య గొట్టం తనే పట్టుకుంటానని పేచీ. చుక్కలు నేను వేస్తాను, పత్రిక వెనక పట్టుకునేదీ నేనే, చదివేది మాత్రం వాడు. ఈ రోజు పొద్దున నాకు కాస్త మసకగా అనిపించి 'ట్రేస్' అని రాయబోతే పెన్సిలు పట్టుకుని ఆపాడు.

"తాతయ్యా, 'వాయుగుండం' అని ఉంది, సున్నాలు కూడా కనిపిస్తున్నాయి. నీ కళ్ళజోడు తుడుచుకో."

కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకుని మళ్ళీ చూశాను. రెండు సున్నాలూ ఉన్నాయి. నిల్ అని రాశాను. పక్కన వాడు కూడా తన పేరు మొదటి అక్షరంతో సంతకం పెట్టాడు.